రష్యన్‌లో టైం లేకపోవడం

మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ అద్దాల మేడలోకి వెళ్లినా, ఏ అంతస్తులో లిఫ్టు దిగినా చెవిన పడే వాక్యం ఒకటుంది. ‘నాకు టైం లేదు.’ మేనేజరు అంటాడు. మేనేజరు మీది మేనేజరూ అంటాడు. సంబంధం చూశాం, ఈ ఆదివారం ఒకసారి వచ్చిపో అని ఊళ్లోంచి అమ్మ ఫోన్ చేస్తే టీమ్‌లో అమ్మాయీ అదే అంటుంది. నేను రష్యన్ మొదలుపెట్టినప్పుడు పుస్తకం పక్కనపెట్టి ముందు ఈ వాక్యమే పట్టుకున్నాను. పాఠ్యపుస్తకాలు ‘ఇది బల్ల, అది కిటికీ’ దగ్గర మొదలవుతాయి. ముప్పై దాటిన మనిషికి బల్లని వేలితో చూపించి ఇది బల్ల అని ప్రకటించాల్సిన అవసరం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. టైం లేదని చెప్పాల్సిన అవసరం మాత్రం పొద్దున పదింటికే వస్తుంది.

రష్యన్‌లో ఆ మాట ఇలా ఉంటుంది: ‘ఉ మిన్యా న్యెత్ వ్రేమెని.’

‘ఉ’ అంటే దగ్గర. ‘మిన్యా’ అంటే నా. ‘న్యెత్’ అంటే లేదు. ‘వ్రేమెని’ అంటే టైం, కాకపోతే కాస్త వేషం మార్చుకున్న టైం. ఆ వేషం సంగతి తర్వాత చూద్దాం. ‘దగ్గర’ని ‘నా’ వెనక్కి పంపించి, ‘లేదు’ని చివరికి జరిపితే చాలు: నా దగ్గర టైం లేదు. అతుకు కనపడదు. పాతబస్తీ నుంచి వచ్చిన మా క్యాబ్ డ్రైవరు దక్కనీలో ‘మేరే కనె టైం నై’ అంటాడు. అక్కడా ఇదే కట్టుబడి: నా దగ్గర, టైం, లేదు. మన మధ్య వేరే దారిన పోయేది ఇంగ్లీషు ఒక్కటే. ఇంగ్లీషులో మనిషి కర్తగా కుర్చీ వేసుక్కూర్చుంటాడు. ‘హ్యావ్’ అనే క్రియ అతని చేతిలో ఉంటుంది. టైం అతను పట్టుకోవాల్సిన వస్తువు, పట్టుకోలేకపోయాడు, అంతే. తెలుగులోనూ రష్యన్‌లోనూ మనిషి కర్త కాదు. ఉండటమో లేకపోవడమో టైం పని. మనం పక్కన నిలబడి ఉంటాం.

నా చేతిలో ఉన్నది ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన రష్యన్ పుస్తకం. అందులో దీనికోసం ఒక అధ్యాయమంతా కేటాయించారు. రష్యన్‌లో ‘హ్యావ్’ లాంటి మాట వాడుకలో తక్కువ, కంగారు పడకండి, నెమ్మదిగా అలవాటవుతుంది అని ధైర్యం చెబుతారు. ‘ఈజ్’ కూడా వర్తమానంలో రాదు, ‘ఎ’, ‘ద’ అసలే లేవు, భయపడకండి అంటారు. ‘ఎతా నాష్ ఓఫిస్’ అంటే ‘ఇది మా ఆఫీసు’. మూడు మాటలకి మూడు మాటలు, మధ్యలో ‘ఈజ్’ లేదు, మనకీ లేదు. తెలుగువాడు ఈ అధ్యాయాలు చదవడమంటే గోదావరి జిల్లావాడికి ఈత గురించి ముందుజాగ్రత్తలు చెప్పడమే. నిజానికి రష్యన్‌లో ‘ఇమ్యేత్’ అని ‘హ్యావ్’కి సరిపడే క్రియ ఒకటి ఉంది. ‘హక్కు ఉంది’, ‘ప్రాముఖ్యం ఉంది’ లాంటి ఆఫీసు కాగితాల మాటల్లో దాన్ని బయటికి తీస్తారు. ఇంట్లో వాడరు.

ఇక్కడ చాలామంది ఒక ముచ్చటైన తీర్మానం చేసేస్తారు. సొంతం చేసుకోవడానికి భాషలో క్రియే లేని జాతులు కాబట్టి ఆస్తి మీద వ్యామోహం తక్కువ, కాలం పట్ల వినయం ఎక్కువ అని. వినడానికి బావుంటుంది. కానీ ఇదే ఐటీ కారిడార్‌లో, ఇదే ‘దగ్గర ఉంది’ వాక్యం మాట్లాడే జనం మధ్య, 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ‘నా దగ్గర కోకాపేటలో రెండు ప్లాట్లున్నాయి’ అనేవాడి గొంతులో వినయం వెతకొద్దు. వ్యాకరణం వాక్యాన్ని కడుతుంది, మనిషిని కాదు.

బళ్లో విభక్తులు కంఠస్థం చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: డుమువులు ప్రథమ, నినులకూర్చిగురించి ద్వితీయ అంటూ ఊగుతూ వల్లించేవాళ్లం. అందులో ‘కి, కు, యొక్క, లో, లోపల’ షష్ఠి. అప్పట్లో ఎందుకు వల్లిస్తున్నామో తెలీదు. రష్యన్ దగ్గరికొచ్చాక ఆ పట్టిక పనికొచ్చింది. రష్యన్‌కి విభక్తులు ఆరు. ‘ఉ’ తర్వాత వచ్చే ‘మిన్యా’ షష్ఠి. మన సంప్రదాయ వ్యాకరణం ప్రకారం ‘నాకు టైం లేదు’లో ‘నాకు’ కూడా షష్ఠే. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఈ ‘కి, కు’లని చతుర్థి కింద పెట్టాలంటారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. కానీ పాత పండితులు వాటిని ‘యొక్క’ పక్కన కూర్చోబెట్టడం ఊరికే జరగలేదని ఈ వాక్యం చూశాక అనిపించింది. మనకి ఉండటం, మనది కావడం పక్కపక్క ఇళ్లే.

ఇప్పుడా వేషం సంగతి. టైంకి రష్యన్ మాట ‘వ్రేమ్య’. మన అమహత్తులాగే నపుంసక లింగం. ‘టైం ఉంది’ అనాలంటే ‘యేస్త్ వ్రేమ్య’, మాట మామూలుగానే ఉంటుంది. ‘లేదు’ అనగానే ‘వ్రేమెని’ అయిపోతుంది. ఉన్నప్పుడు ప్రథమ, లేనప్పుడు షష్ఠి. టైం అనే కాదు. డబ్బు, పాలు, కరెంటు, అన్నదమ్ములు, ఏది లేకపోయినా అది షష్ఠిలోకి వెళ్లాల్సిందే. ఉన్న వస్తువు కర్తగా నిలబడుతుంది. లేని వస్తువుకి కర్త హోదా పోతుంది. టైం అన్నదాంట్లో పిసరంత కూడా లేదు అన్న భావం నుంచి ఇది పుట్టి ఉంటుందని చెబుతారు.

ఇక్కడ తెలుగు మనల్ని వదిలేస్తుంది. మనకి లేని వస్తువుకీ పూర్తి హోదా ఉంది. టైం లేదు, డబ్బులు లేవు, తమ్ముడు లేడు, చుట్టాలు లేరు. లేనివాడు కూడా క్రియ చేత తన లింగం, వచనం, మర్యాద చెప్పించుకుంటాడు. ‘నేను లేను’ అని తన గైర్హాజరీని తానే ఉత్తమ పురుషలో ప్రకటించుకోగలడు. రష్యన్ ‘న్యెత్’కి ఇవేవీ పట్టవు. ఎవరు లేకపోయినా న్యెత్తే. ‘అతను లేడు’ అనాలంటే ‘యెవో న్యెత్’. ‘యెవో’ అంటే అతని, ‘అతను’ కాదు. భూతకాలంలో ‘న్యే బిల’, భవిష్యత్తులో ‘నె బూద్యెత్’, పోయింది మగవాడైనా ఆడదైనా పదిమందైనా క్రియ ఏకవచనంలోనే బిగుసుకుపోతుంది, భూతకాలంలోనైతే నపుంసకంలో. ఇదీ నేర్చుకోవడానికి కష్టమైన చోటు, పుస్తకం హడావిడిగా దాటేసిన చోటు కూడా. నాకు మాత్రం ఈ ఒక్క విషయంలో మన భాషే ఉదారమనిపిస్తుంది. మనిషి లేకపోయినా అతని ‘డు’ అతనికి మిగులుతుంది.

‘న్యెత్’ పుట్టుక ఇంకో తమాషా. పాత రష్యన్‌లో ‘కాదు’, ‘ఉంది’, ‘ఇక్కడ’ అన్న మూడు మాటలు అరిగి అరిగి ఒకటైపోయి ‘న్యేతు’ అయ్యాయి. పల్లె రష్యన్‌లో, ఇళ్లల్లో ఆ ‘న్యేతు’ ఇప్పటికీ వినిపిస్తుంది. మన ‘లేదు’ అలా అతికించినది కాదు. తమిళ ‘ఇల్లై’, కన్నడ ‘ఇల్ల’ దానికి తోబుట్టువులు. లేకపోవడానికే ఒక ధాతువు పెట్టుకున్న కుటుంబం మనది. రష్యన్లు మూడు ముక్కలు కుట్టి చేసుకున్నది మనకి పుట్టుకతోనే ఉంది.

‘వ్రేమ్య’ ఎందుకు ‘వ్రేమెని’ కావాలి, మధ్యలో ఆ ‘ఎన్’ ఎక్కడిది అని అడగొచ్చు. ‘మ్య’తో ముగిసే నపుంసక మాటలు రష్యన్‌లో పది ఉన్నాయి. పేరు, జెండా, మంట, విత్తనం అందులోవే. విభక్తి తగలగానే వీటన్నిటికీ మధ్యలో ఆ ముక్క మొలుస్తుంది. మా టీమ్‌లో ఒకతను దీన్ని చూసి ‘ఇదేం లాజిక్ అన్నా’ అన్నాడు. ‘మీ ఇల్లు ఎక్కడ?’ అన్నాను. ‘మియాపూర్.’ ‘మరి ఇల్లుకి వెళ్తున్నా అంటావా, ఇంటికి వెళ్తున్నా అంటావా?’ ఇల్లు ఇంటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, గోరు గోటి అవుతుంది. చిన్నయ సూరి వీటికి ఔపవిభక్తికాలని పేరు పెట్టి పోయాడు. ఆ పేరు మర్చిపోయినా పని ఆగలేదు, మియాపూర్‌లో ఎవరూ ‘ఇల్లుకి’ వెళ్లడం లేదు. అలాగే ‘లెటర్ చూశాను’ అంటాం కానీ ‘తమ్ముడు చూశాను’ అనం, తమ్ముణ్ణి చూడాలి. ప్రాణం ఉన్నవాటికి ద్వితీయ గుర్తు పెట్టి, లేనివాటికి ప్రథమతో సరిపెట్టడం మన అలవాటు. రష్యన్ పుంలింగ పదాలకీ సరిగ్గా ఈ పక్షపాతమే ఉంది. బల్లని చూస్తే ‘స్తోల్’, మార్పు లేదు. అన్నని చూస్తే ‘బ్రాత్’ కాదు, ‘బ్రాత’.

ఒక తరం తెలుగువాళ్లకి రష్యన్ వ్యాకరణంతో పని లేకుండానే రష్యా ఇంటికొచ్చింది. ప్రగతి ప్రచురణాలయం, రాదుగ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో, మంచి కాగితం మీద, చవగ్గా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, ఆ తర్వాత రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కో వెళ్లి అక్కడ కూర్చుని అనువాదాలు చేశారు. అటు నుంచీ రాకపోక ఉండేది. లెనిన్‌గ్రాడ్‌లో నికితా గురోవ్ తెలుగు చెప్పేవారు, 1972లో మాస్కోలో తెలుగు-రష్యన్ నిఘంటువు అచ్చయింది. అదే ఏడాది మన తార్నాకలోని కేంద్ర ఆంగ్ల సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, పేరులో విదేశీ భాషల్నీ చేర్చుకుంది. ఇప్పుడు రష్యన్‌తో తెలుగువాళ్లకి గట్టి సంబంధం ఎంబీబీఎస్. అక్కడ పాఠం ఇంగ్లీషులో చెప్పినా, వార్డులోకి వెళ్లాక పేషెంటు మాత్రం రష్యన్‌లోనే మూలుగుతాడు. ‘ష్తో ఉ వాస్ బలీత్?’ మీకేం నొప్పి? అక్కడా ‘ఉ వాస్’, మీ దగ్గర. తలనొప్పి, ఇద్దరు పిల్లలు, సొంత కారు, తీరని అప్పు, అన్నిటినీ రష్యన్ ఈ ‘దగ్గర’లోనే పడేస్తుంది. మనం కాస్త వేరు చేస్తాం. డబ్బు నా దగ్గర ఉంటుంది, పిల్లలు నాకు ఉంటారు, ఓపిక నాలో ఉంటుంది. ‘నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు’ అంటే ఎవరి పిల్లలని అడుగుతారు.

రష్యన్‌కీ ఒక ‘నాకు’ ఉంది, ‘మ్న్యే’. దానికి వేరే పనులు. మా అంతస్తులో ఏసీ ఏ మహానుభావుడి చేతిలో ఉంటుందో కానీ ఏప్రిల్ ఎండల్లో కూడా సగం మంది శాలువాలు కప్పుకుని కోడ్ రాస్తుంటారు. ‘మ్న్యే ఖోలద్న.’ నాకు చలిగా ఉంది. ‘ఖోలద్న’ చివరి అచ్చుని మన ‘గా’ అనుకోండి, ఇంకేం మిగల్లేదు. ‘నాకు ముప్పై ఏళ్లు’ అన్నది ‘మ్న్యే త్రీత్సత్ ల్యెత్’. తీరిక లేదనడానికీ దీంతో ఒక వాక్యం ఉంది: ‘మ్న్యే న్యేకగ్ద.’ టైం అన్న మాటే రాదు. రోజువారీ విసుగుకి ఇదే ఎక్కువ నప్పుతుంది.

ఆ ‘ల్యెత్’ దగ్గర మా వృత్తి మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌ని రకరకాల భాషల్లోకి మార్చే పనిలో తెరమీద వచ్చే ప్రతి చిన్న వాక్యాన్నీ మేం ఫైళ్లలో పెట్టుకుంటాం. రాసేవాడు ఇంగ్లీషులో ఆలోచిస్తాడు: సంఖ్య ఒకటైతే ఫైల్, కాకపోతే ఫైల్స్. రెండే గడులు. తెలుగుకీ రెండు గడులు చాలు, ఫైలు, ఫైళ్లు. రష్యన్‌కి చాలవు. 1 ఫైల్, 2 ఫైల, 5 ఫైలోవ్. 21 దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఏకవచనం, చివర ఒకటి ఉంది కాబట్టి. కానీ 11కి కాదు. 22, 23, 24 మళ్లీ ‘ఫైల’, 25 నుంచి ‘ఫైలోవ్’. యూనికోడ్ సంస్థ నడిపే సీఎల్‌డీఆర్ అనే పట్టికలో ఏ భాషకి ఎన్ని గడులో రాసి ఉంటుంది. రష్యన్ పూర్ణసంఖ్యలకే మూడు, భిన్నాలకి ఇంకోటి. వయసుదీ ఇదే గొడవ: 21 ‘గోద్’, 22 ‘గోద’, 25 ‘ల్యెత్’. ఈ రెండూ మూడూ నాలుగుల గొడవ వెనక పాత ద్వివచనం ఉంది. సంస్కృతంలో రామః, రామౌ, రామాః అని బట్టీ కొట్టినవాళ్లకి ఆ మధ్య మాట గుర్తుంటుంది. రష్యన్‌లో ఆ ‘రామౌ’ చచ్చిపోతూ తన ఆస్తిని రెండుకే కాక మూడుకీ నాలుగుకీ కూడా రాసిచ్చి పోయింది.

అంకెల బాధ పట్టికతో తీరుతుంది. పేర్ల బాధ తీరదు. ‘ఫలానా వారికి ఫోటోలు లేవు’ అన్న వాక్యం ఇంగ్లీషులో రాసేటప్పుడు పేరు కోసం ఒక ఖాళీ వదులుతారు, అందులో ఏ పేరు పడినా వాక్యం చెక్కుచెదరదు. రష్యన్‌లో ఇవాన్ ‘ఉ ఇవాన’ కావాలి, ఆన్న ‘ఉ ఆన్ని’ కావాలి. తెలుగులో రవి రవికి, రాముడు రాముడికి. ఖాళీలో పడ్డ పేరు ఏ అచ్చుతో ముగుస్తుందో, అసలు ఏ లిపిలో ఉందో యంత్రం చూసుకోవాలి, చూసుకోదు. అందుకే తెలుగు యాప్‌ల నిండా ‘యొక్క’ రాజ్యమేలుతోంది. ‘రవి యొక్క ఫోటోలు’, ‘మీ యొక్క ఖాతా’. పేరుని ముట్టుకోకుండా పక్కన తగిలించడానికి వీలైన విభక్తి ప్రత్యయం అది. మా అమ్మ యొక్క చీర అని ఈ భూమ్మీద ఏ కూతురూ అనలేదు. కానీ ఫోన్ అంటుంది. జనం నవ్వుకుంటూ అనువాదకుణ్ణి తిడతారు. తప్పు అతనిది కాదు, ఇంగ్లీషు కొలతలకి కుట్టిన ఆ ఖాళీది.

రష్యన్ అనువాదకులు వేరే దొంగదారి వెతుక్కున్నారు. పేరుకి ముందు ‘వాడుకరి’ అన్న మాట పెట్టి దానికి విభక్తి తగిలిస్తారు, పేరుని ప్రథమలో వదిలేస్తారు. ‘ఇవాన్ అనే వాడుకరి వద్ద ఫోటోలు లేవు.’ వాక్యం తప్పు లేకుండా వస్తుంది. పోలీసు స్టేషన్‌లో పంచనామాలా ఉంటుంది, అది వేరే సంగతి. మా ఫైళ్లలో రష్యన్ వరసలు, తెలుగు వరసలు పక్కపక్కన తెరిచి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఎక్కడ తెలుగు కుంటుతుందో దాదాపు అక్కడే రష్యన్ కూడా కుంటుతుంది. మధ్యన ఇంగ్లీషు లేకుండా ఒకరిది ఒకరికి నేరుగా అనువదించుకోనిస్తే సగం ఫిర్యాదులు పుట్టేవే కావు. అలాంటి ప్రాజెక్టుకి డబ్బు పెట్టేవాడు ఎవడూ లేడు కాబట్టి ఇది నా ఊహగానే మిగులుతుంది.

ఒక్క చోట మాత్రం మనం గట్టెక్కాం, వాళ్లు ఎక్కలేదు. ‘ఫలానావారు ఫోటో జోడించారు’ అన్న వాక్యం. రష్యన్ భూతకాలంలో క్రియకి లింగం ఉంటుంది, మన ‘జోడించాడు, జోడించింది’ లాగే. ఆ ఫలానా ఆడో మగో యంత్రానికి తెలీదు. రష్యన్ తెరమీద క్రియ చివర ‘ఆ’ని బ్రాకెట్‌లో పెట్టి వదిలేస్తారు, ‘దబావిల్(ఆ)’ అని. మనకి ‘రు’ ఉంది. మర్యాద ఇచ్చేస్తే లింగం అడగక్కర్లేదు. రష్యన్లకీ ఒకప్పుడు ఈ సదుపాయం ఉండేది. పాతకాలం ఇళ్లల్లో నౌకర్లు దొరసానిగారు పడుకున్నారని బహువచనంలోనే చెప్పేవాళ్లు, మన దేవిడీల్లో ‘దొర పండుకున్నరు’ అన్నట్టే. దొరలు పోయారు, ఆ బహువచనమూ వాళ్లతోనే పోయింది. మనవైపు దొరల్ని దించేశాక ఆ ‘రు’ని మాత్రం అందరం పంచుకున్నాం. బ్రాకెట్ అసహ్యంగా ఉంది, తీసేయండి అని రష్యన్ వైపు నుంచి టికెట్లు వస్తూనే ఉంటాయి. తెలుగు వరస దగ్గర ఆ గడి ఎప్పుడో మూసేశాం.